లాటీ మూన్ నిజంగా తిండి లేకే చనిపోయారా? చైనాలో ఆవిడ అసలు ఏం నేర్పారు?

చుక్కలచీర (ప్రశ్న):

అందరికీ వందనాలు. ప్రతి డిసెంబర్‌లో సండే స్కూల్ పిల్లలకి ఒక మిషనరీ జీవితం కథలాగా చెప్పే పని నా మీదే పడుతుంది, ఈసారి లాటీ మూన్ అనుకున్నా. నాకు తెలిసింది ప్రసంగాల్లో విన్న కథే. అమెరికా నుంచి చైనా వెళ్ళిన దొరసానమ్మ, పెళ్ళి చేసుకోకుండా అక్కడే టీచర్‌గా ఉండిపోయింది, కరువొస్తే తన తిండి పక్కవాళ్ళకి పెట్టి పెట్టి చివరికి 22 కిలోలు అయిపోయి క్రిస్మస్ ముందు రోజు ఓడలో ప్రాణం విడిచింది. ఇది చెప్తే పెద్దవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకుంటారు, నేనూ తుడుచుకున్నా.

ఈసారి కాస్త చదివి చెప్దాం అని కూర్చుంటే రెండు చోట్ల డౌట్ వచ్చింది. ఒకటి, ఈ ఆకలి చావు అనేది తర్వాత అల్లిన కథ అని ఒకచోట కనిపించింది. రెండోది ఇంకా తికమక, ఆవిడ టీచర్ కదా, మరి ఆవిడే ఎక్కడో నలుగురు ఆడపిల్లలకి చదువు చెప్పుకుంటూ కూర్చోడానికేనా ఇంత దూరం వచ్చింది అన్నట్టు రాసిందట. అంటే టీచింగ్ ఇష్టం లేదా? ఇష్టం లేని పని 39 ఏళ్ళు ఎవరైనా చేస్తారా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్. భక్తి కథలు నా దగ్గర బోలెడున్నాయి, నాకు కావాల్సింది ఆవిడకి రోజు ఎలా గడిచేది, ఏం నేర్పేది, ఎవరితో గొడవపడేది, ఇలాంటివి.

పాతఉత్తరాలు:

ఎవరితో గొడవపడేది అని అడిగారు చూడండి, అక్కడే ఉంది అసలు మనిషి. నాకు ఈవిడ అంటే కొంచెం పిచ్చి, కాబట్టి పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

పూర్తి పేరు షార్లెట్ డిగ్స్ మూన్. 1840 డిసెంబర్ 12న వర్జీనియాలో ఆల్బెమార్ల్ కౌంటీలో పుట్టింది, బాగా కలిగిన కుటుంబం, పొగాకు తోటలు. మనిషి చాలా పొట్టి, నాలుగడుగుల మూడు అంగుళాలు అంటారు, నోరు మాత్రం అంత చిన్నది కాదు. హాస్టల్లో ఉన్నప్పుడు నీ పేరులో ఆ డి అంటే ఏంటే అని అడిగితే డెవిల్ అని చెప్పిందట. చాపెల్‌కి ఎగ్గొట్టే రకం. 1858లో కాలేజీలో జరిగిన ఉజ్జీవ కూటాలకి వెక్కిరించడానికి వెళ్ళి మారుమనసు పొంది వచ్చింది. చదువులో మాత్రం ముందు నుంచీ చురుకే, లాటిన్, గ్రీకు, ఫ్రెంచ్, ఇటాలియన్, స్పానిష్ అన్నీ లాగించేది. 1861లో ఎంఏ, అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఆ డిగ్రీ అందుకున్న మొదటి కొద్దిమంది ఆడవాళ్ళలో ఒకరు. ఆ ఏడాదే అక్కడ అంతర్యుద్ధం మొదలైంది. అక్క ఓరియానా అప్పటికే డాక్టర్. అలాంటి ఇల్లు అది.

యుద్ధం తర్వాత ఆస్తి కరిగిపోయింది, ఈవిడ టీచర్ ఉద్యోగాల్లో పడింది. కెంటకీలో చెప్పింది, తర్వాత జార్జియాలో కార్టర్స్‌విల్ అనే ఊళ్ళో ఇంకో స్నేహితురాలితో కలిసి ఆడపిల్లల హైస్కూల్ నడిపింది. అంటే చైనా వెళ్ళేటప్పటికి ఆవిడ ఏళ్ళ తరబడి అనుభవం ఉన్న టీచర్, టీచింగ్ అంటే తెలియక వెళ్ళలేదు. దీన్ని గుర్తుపెట్టుకోండి, మీ రెండో డౌట్‌కి సమాధానం దీన్లోనే ఉంది.

ఆవిడని పంపిన సంఘం సదరన్ బాప్టిస్టులు, అంటే అమెరికా దక్షిణాది బాప్టిస్టులు, అప్పటిదాకా పెళ్ళికాని ఆడవాళ్ళని పంపడానికి జంకేవాళ్ళు. 1872లో ఆ తలుపు కాస్త తెరిస్తే ముందు దూరింది లాటీ చెల్లెలు ఎడ్మోనియా, చైనా ఉత్తరాన షాన్‌డాంగ్‌లో టెంగ్‌చౌ అనే సముద్రపు ఒడ్డు ఊరికి (ఇప్పుడు పెంగ్లై అంటారు). మరుసటి ఏడు 1873 జూలై 7న లాటీకి అపాయింట్‌మెంట్ వచ్చింది, ఆ శరదృతువుకల్లా అక్కడుంది. చెల్లెలికి అక్కడ ఆరోగ్యం పూర్తిగా చెడిపోయింది, శరీరమూ మనసూ రెండూ, 1876లో లాటీయే వెనక్కి తీసుకెళ్ళి ఇంట్లో దింపి, 1877 ఆఖర్లో ఒక్కతే మళ్ళీ వచ్చింది. నా లెక్కలో ఆవిడ అసలు చైనా జీవితం మొదలైంది ఈ రెండోసారి నుంచే, ఎందుకంటే మొదటిసారి అంతా కొత్త, పైగా చెల్లెలి బాధ్యత.

ఇప్పుడు స్కూలు సంగతి. 1878లో టెంగ్‌చౌలో ఆడపిల్లల బోర్డింగ్ స్కూల్ పెట్టింది. ఆ రోజుల్లో అక్కడ ఆడపిల్లకి చదువేంటి అనేవాళ్ళే అందరూ, పెద్ద కుటుంబాల వాళ్ళు గడప దాటనిచ్చేవాళ్ళు కాదు, అందుకని దొరికేది గతిలేని ఇళ్ళ పిల్లలే, వాళ్ళక్కూడా తిండీ బట్టా మందూ మాకూ అన్నీ స్కూలే చూసుకోవాలి, లేకపోతే పంపరు. పాదాలు కట్టే ఆచారం ఒకటి, అయిదారేళ్ళ పిల్ల పాదాలు వేళ్ళు లోపలికి మడిచి గుడ్డతో బిగించి కట్టేస్తారు, అలా కట్టిన పిల్లలు నొప్పితో ఏడుస్తుంటే వాళ్ళని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాలి. ఈవిడ ఆ కట్లకి గట్టిగా వ్యతిరేకి. విప్పితే పెళ్ళి కాదని అమ్మానాన్నల భయం. అక్కడి బడి పద్ధతి కూడా వేరు, పిల్లలందరూ ఒకేసారి గొంతెత్తి పాఠం వల్లె వెయ్యాలి, ఎంత గోల ఉంటే అంత చదువు అన్నమాట. ఆ పైన చైనా అక్షరాలు, ప్రశ్నోత్తరాల పుస్తకం, కీర్తనలు.

పిల్లలు సెలవలకి ఇంటికెళ్తే కొందరు తిరిగి రారు, కాస్త చదువు వంటబట్టే వేళకి పెళ్ళి చేసేస్తారు. ఇదంతా అయిదారేళ్ళు చేశాక 1883లో ఒక మిషన్ పత్రికలో రాసింది మీరు విన్న ఆ మాట. నా మాటల్లో చెప్తున్నా, మక్కికి మక్కి కాదు. ఎంతో పెద్ద పని చేస్తానని కలలు కని వచ్చిన ఆడమనిషిని తీసుకొచ్చి కొద్దిమంది పిల్లలకి పాఠం చెప్పే చిన్న పనికి కట్టేస్తే, ఆమెకి అలసటా విసుగూ వచ్చి నా బతుకు వృథా అనిపించడంలో వింతేముంది అని. అక్కడితో ఆగలేదు, చైనా వచ్చే ఆడవాళ్ళకి కావాల్సింది వీలైనంత పెద్ద పని చేసే స్వేచ్ఛ, పూర్తి సమానత్వం అడిగే హక్కు వాళ్ళకుంది అని కూడా రాసింది. 1883లో! మన వాళ్ళు ఈ ముక్క ప్రసంగాల్లో ఎందుకు చెప్పరో మీకే తెలుసు.

కాబట్టి టీచింగ్ ఇష్టం లేక కాదు. మగ మిషనరీ ఊరూరా తిరిగి ప్రకటించొచ్చు, ఆడ మిషనరీ మాత్రం నాలుగ్గోడల మధ్య పిల్లల బడి చూసుకోవాలి అనే పంపకం ఉంది చూశారా, ఆవిడ కోపం దాని మీద. ఆ పంపకం తెంచుకుని బయటికెళ్ళాక కూడా ఆవిడ చేసింది నేర్పడమే. ఆ సంగతి తర్వాత రాస్తా, చెయ్యి నొప్పెడుతోంది.

ఎదురుగాలి:

పైన ఆయనో ఆవిడో బాగా రాశారు గానీ ఒక ముక్క మెత్తగా దాటేశారు. బాగా కలిగిన కుటుంబం, పొగాకు తోటలు అన్నారు. ఆ తోటల్లో పని చేసింది ఎవరు? బానిసలు. లాటీ మూన్ చదివిన ఆ అయిదు భాషల ఫీజు అక్కడి నుంచి వచ్చిందే. పిల్లలకి చెప్పకపోతే చెప్పకండి, పెద్దవాళ్ళం మనమైనా అనుకోవాలి కదా.

ఇంకోటి, టెంగ్‌చౌ దాకా అమెరికా మిషనరీలు ఎలా వెళ్ళగలిగారు అనుకుంటున్నారు, చైనా ఓడిపోయిన యుద్ధాల తర్వాత 1858, 1860 ఒప్పందాల వల్ల. ఆ ఒప్పందాల్లో విదేశీయులకి లోపలి ఊళ్ళలో తిరిగే హక్కు, మతప్రచారం చేసుకునే హక్కు, వాళ్ళ మీద చైనా కోర్టుల్లో కేసు నడపకుండా మినహాయింపు అన్నీ కట్టబెట్టించుకున్నారు. ఆవిడ కనిపిస్తే ఊళ్ళో పిల్లలు దయ్యపు మనిషి అని అరిచేవాళ్ళట, మరి అరవరా? ఆవిడ మంచిదే కావచ్చు, ఆవిడ వెనక ఫిరంగులున్న ఓడలు ఉన్నాయని ఆ ఊరివాళ్ళకి తెలుసు.

పాతఉత్తరాలు:

@ఎదురుగాలి ఒప్పుకుంటున్నా, బానిసల మాట నేను రాయాల్సింది, దాటేశా. ఒప్పందాల మాటా నిజమే, కాదనను. ఒక్కటి కలుపుతా, మొదట్లో ఈవిడ ఉత్తరాల్లో కూడా చైనా వాళ్ళంటే చులకన కనిపిస్తుంది, మురికి, వాసన, మొండితనం అంటూ. తర్వాత తర్వాత ఆ గొంతు మారింది, అన్యజనులు అన్యజనులు అని నోరారా అనే ఆ మాట మిషనరీలు మానుకోవాలని ఆవిడే రాసే దాకా వచ్చింది. వాళ్ళ మధ్య ఉన్నాక వచ్చిన మార్పు అది.

వాయిదారాణి:

నేను ప్రసంగాల్లో విన్నది ఆ పెళ్ళి కథ. ప్రొఫెసర్‌ని చేసుకోబోయి మానేసిందట కదా, ఆయన డార్విన్‌ని నమ్మాడని. నిజమేనా లేక అదీ అల్లికేనా?

పాతఉత్తరాలు:

@వాయిదారాణి క్రాఫర్డ్ టాయ్ ఆయన పేరు. ఈవిడ కాలేజీలో చదువుకునేటప్పుడు పాఠం చెప్పినాయన, హీబ్రూ పండితుడు. బైబిల్‌ని చరిత్ర పద్ధతిలో పరిశీలించడం మొదలెట్టాడని సదరన్ బాప్టిస్ట్ సెమినరీలో గొడవై 1879లో రాజీనామా చేశాడు, తర్వాత హార్వర్డ్‌కి వెళ్ళాడు. పెళ్ళి అనుకున్నారు, ఆగిపోయింది. నిశ్చితార్థం దాకా వచ్చిందా, ఎప్పుడు వచ్చింది అనే దగ్గర చరిత్రకారులు కొట్టుకుంటున్నారు. నా జీవితం మీద మొదటి హక్కు దేవుడిది, రెండింటికీ పొత్తు కుదరనప్పుడు ఇంక వేరే మాటేముంది అని ఆవిడ తర్వాత బంధువులతో అన్నట్టు చెప్తారు. డార్విన్ అనే ఒక్క ముక్కకి కుదించడం మాత్రం ప్రసంగం వాళ్ళ పని. ఈ కథకి అంతకన్నా టైం ఇవ్వక్కర్లేదని నా అభిప్రాయం, ఆడమనిషి ఏం చేసినా వెనక ఒక మగాడి కథ వెతుకుతాం మనం.

బొగ్గులకుంపటి:

టెంగ్‌చౌ వదిలి ఆవిడ వెళ్ళిన పింగ్‌టు సంగతి నేను రాస్తా, పాతఉత్తరాలు గారి చెయ్యి నొప్పి తగ్గేలోపు. నాకు ఈవిడ జీవితంలో అన్నిటికన్నా నచ్చేది ఆ భాగమే.

1885లో పెద్ద తగాదా అయింది. మిషన్ మీటింగుల్లో ఆడవాళ్ళకి ఓటు ఉండాలా వద్దా అని. ఈవిడ అమెరికాలో రిచ్‌మండ్‌లో ఉన్న బోర్డు (మిషనరీల్ని పంపి జీతాలిచ్చే సంస్థ) సెక్రటరీకి రాసి పారేసింది, మీటింగుల్లో, పని నడపడంలో మగవాళ్ళతో సమానంగా ఆడవాళ్ళకి హక్కు ఉండాలి, అది న్యాయం, లేదంటే రాజీనామా అన్నట్టు. ఆ డిసెంబర్‌లోనే టెంగ్‌చౌ వదిలి లోపలికి, నూరు మైళ్ళ పైన దూరం ఉన్న పింగ్‌టుకి బయల్దేరింది. అక్కడ ఇంకో తెల్ల ముఖం లేదు.

ప్రయాణం వినండి. ముందొక కంచరగాడిద, వెనకొక కంచరగాడిద, మధ్యలో రెండు గడలకి కట్టిన డోలీ లాంటిది, చాప కప్పు. రెండు జంతువులూ ఒకే అడుగు వెయ్యవు, ఇది అటూ అది ఇటూ, లోపలి మనిషి బియ్యం జల్లెడలో పడ్డట్టే. నాలుగు రోజులు. రాత్రి సత్రాల్లో ఇటుకల అరుగు మీద పడక, దాని కింద పొయ్యి పొగ పోయే దారి ఉంటుంది కాబట్టి వెచ్చగా ఉంటుంది, కాంగ్ అంటారు. ఆ కాంగ్ మీదే ఊరి ఆడవాళ్ళు కూర్చుని కుట్టుకుంటారు, తింటారు, పడుకుంటారు, ఈవిడ బడి కూడా దాని మీదే. కాళ్ళు మడిచి వాళ్ళ మధ్య కూర్చుని ఒక వాక్యం చెప్పి వాళ్ళతో అనిపించి, మళ్ళీ చెప్పి మళ్ళీ అనిపించి. చదువు రాని నడివయసు ఆడవాళ్ళు, ఒక పక్క చంటిపిల్ల పాలు తాగుతుంటుంది, ఇంకో పక్క ఈవిడ జుట్టు పట్టుకుని చూసేవాళ్ళు, నీకు మొగుడు లేడా, అత్త లేదా, నీ వయసెంత, ఆ గౌను గుడ్డ గజం ఎంత అని ప్రశ్నలు. టెంగ్‌చౌలో శాలీ హోమ్స్ అని ఒక వితంతు మిషనరీ ఉండేది, ఆవిడతో కలిసి ఊళ్ళు తిరిగి ఈ పద్ధతి ముందే నేర్చుకుంది లాటీ.

పిల్లలు కనిపించగానే దయ్యపుది వచ్చింది అని అరిచి పారిపోయేవాళ్ళు. అప్పుడు చేసిన పనే ఇప్పుడు అందరూ చెప్పుకునే బిస్కెట్లు. ఇంట్లో కుకీలు కాల్చింది, వాసన వీధిలోకి పోయింది, తలుపు సందుల్లోంచి చూసే పిల్లలకి పెట్టింది, వాళ్ళు తీసుకెళ్ళి తల్లులకి చూపించారు, విషం లేదని తేలాక తల్లులు వచ్చారు. బట్టలు కూడా చైనా వాళ్ళవే వేసుకోవడం మొదలెట్టింది, పొడుగు అంగీ, చలికి దూది పెట్టి కుట్టింది. విచిత్రం ఏంటంటే ఆ బట్టలేసుకున్నాక అరుపులు సగం ఆగాయి. పొట్టి మనిషి, నల్ల జుట్టు, దూరం నుంచి చూస్తే తేడా తెలియదు మరి.

1887లో పక్కనున్న షాలింగ్ అనే పల్లె నుంచి మనుషులు వెతుక్కుంటూ వచ్చారు, ఈ కొత్త బోధ ఏంటో మాకూ చెప్పు అని. ఈవిడ వెళ్ళింది. అక్కడ మగవాళ్ళు కూడా కూర్చుని వినడం మొదలెట్టారు, ఇక చూడండి చిక్కు, సదరన్ బాప్టిస్ట్ ఆడమనిషి మగవాళ్ళకి బోధించడమా? పంపడానికి మగాడు లేడు, వినేవాళ్ళు మాత్రం గడపలో ఉన్నారు. ఈవిడ చెప్పింది. 1889లో అక్కడ సంఘం ఏర్పడింది, బాప్తిస్మాలు ఇవ్వడానికి మాత్రం మగ మిషనరీ రావాల్సి వచ్చింది. ఆ ఊరి విశ్వాసుల్ని బంధువులే కొట్టి హింసిస్తే వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడింది. ఆ చుట్టుపక్కల నుంచే లీ షౌ-టింగ్ అని కన్‌ఫ్యూషియస్ చదువు చదివిన కుర్రాడు పాస్టర్ అయ్యాడు, ఆయన చేత్తో పది వేల మంది దాకా బాప్తిస్మం తీసుకున్నారని చెప్తారు.

పిల్లలకి చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలండి. 22 కిలోలు ఎందుకు.

చుక్కలచీర:

అమ్మో, ఇంత ఉందా! ఇద్దరికీ చాలా థ్యాంక్స్. @ఎదురుగాలి మీరన్నది కూడా రాసుకున్నా, పెద్ద పిల్లల క్లాసులో తప్పకుండా చెప్తా.

మరి స్కూలు ఏమైంది? పింగ్‌టు వెళ్ళిపోతే టెంగ్‌చౌ బడి మూతపడిందా? ఇంకా ఆ ఆకలి సంగతి ఎవరూ తేల్చలేదు.

పాతఉత్తరాలు:

చెయ్యి బాగానే ఉంది.

స్కూలు వెనక ఇంకో రాజకీయం ఉంది. ఆ మిషన్‌లో సీనియర్ టార్ల్‌టన్ పెర్రీ క్రాఫర్డ్ అనే ఆయన. ఆయన సిద్ధాంతం ఏంటంటే, విదేశీ డబ్బుతో బడులు పెట్టి తిండి పెట్టి బట్టలిస్తే వచ్చేవాళ్ళు అన్నం కోసం వచ్చేవాళ్ళే, మన పని వాక్యం చెప్పడం, బడులు మూసెయ్యండి అని. చివరికి సొంత భార్య మార్తా నడిపే బడి కూడా ఆగిపోయేలా చేశాడు, ఆవిడ అంతకు ముందు ఎన్నో ఏళ్ళుగా నడిపింది పాపం. తర్వాత 1892లో బోర్డునే వదిలేసి తన దారి తాను చూసుకున్నాడు. లాటీ ఆ దారిన పోలేదు. బడి మీద విసుగు గురించి రాసిన మనిషే, బోర్డుతోనే ఉండిపోయి, 1890ల మధ్యలో మళ్ళీ టెంగ్‌చౌ చేరి చివరి పదిహేనేళ్ళూ ఎక్కువగా బడుల మీదే గడిపింది, ఒకటి కాదు చిన్న చిన్నవి చాలా. నాకైతే ఇది చూస్తే నవ్వొస్తుంది, ముచ్చటేస్తుంది కూడా. తనంతట తాను ఎంచుకున్నప్పుడు అదే పని బరువనిపించలేదేమో.

మధ్యలో 1900లో చైనాలో విదేశీయుల మీద బాక్సర్ల తిరుగుబాటు వచ్చి విదేశీయులందరూ పారిపోవాల్సి వస్తే జపాన్‌లో ఫుకువోకా వెళ్ళింది. ఖాళీగా కూర్చుందా? అక్కడ ఇంగ్లీషు పాఠాలు చెప్పింది. అరవై ఏళ్ళ వయసులో.

ఇంకోటి, మిషనరీల కోసం సదరన్ బాప్టిస్టులు ఏటా ఆవిడ పేరు మీద పోగేసే క్రిస్మస్ కానుక ఎలా మొదలైందో పిల్లలకి చెప్పండి. పింగ్‌టులో ఒక్కతే పడలేక పదే పదే మనుషుల్ని పంపమని అడిగేది, సెలవు మీద ఇంటికి వెళ్ళడానికి తన స్థానంలో ఉండే మనిషి లేక వాయిదా వేసుకుంటూ పోయింది, 1877లో వచ్చినావిడ 1891 దాకా కదల్లేదు. 1887లో పత్రికకి రాసింది, మెథడిస్టు ఆడవాళ్ళు క్రిస్మస్ ముందు వారం ప్రార్థనకీ కానుకకీ పెట్టుకున్నారు, మనమెందుకు పెట్టుకోకూడదు అని. 1888 మేలో రిచ్‌మండ్‌లో సదరన్ బాప్టిస్ట్ స్త్రీలు ఒక యూనియన్‌గా ఏర్పడ్డారు, ఆనీ ఆర్మ్‌స్ట్రాంగ్ సెక్రటరీ. ఆ క్రిస్మస్‌కి 2,000 డాలర్లు అనుకుంటే 3,315 డాలర్లు వచ్చాయి, ముగ్గురు ఆడవాళ్ళని పంపడానికి సరిపోయింది. 1918లో ఆనీ ఆర్మ్‌స్ట్రాంగ్ చెప్తేనే ఆ కానుకకి లాటీ మూన్ పేరు పెట్టారు. ఇప్పుడు అది ఒక్కో ఏడాది పదిహేను కోట్ల డాలర్లు దాటుతోంది.

నైట్‌డ్యూటీ:

ఆకలి సంగతి నేను చెప్తా, నేను నర్సుని, ఈ కథ నాకు ఎప్పుడూ మింగుడు పడేది కాదు. అందుకే వెతికి చదివా.

అందరూ ఒప్పుకునేవి ముందు. 1911, 1912లో అక్కడ కరువు, విప్లవం రెండూ ఉన్నాయి. బోర్డు అప్పుల్లో ఉంది, కరువు సాయానికి పంపడానికి డబ్బు లేదు. ఈవిడ తన సొంత డబ్బు ఇచ్చేసింది. 1912 ఆఖరుకి బాగా చిక్కిపోయింది, తిండి సరిగ్గా తినడం లేదు, డబ్బంతా అయిపోయింది అప్పులపాలయ్యాం అని కలవరం. తోటి మిషనరీలు చూసి ఇంటికి పంపేద్దాం అని నిర్ణయించి, సింథియా మిల్లర్ అనే నర్సుని తోడిచ్చి ఓడ ఎక్కించారు. డిసెంబర్ 24న జపాన్‌లో కోబే రేవులో ఓడ ఆగి ఉండగా పోయింది. 72 నిండి పన్నెండు రోజులు. జపాన్‌లోనే దహనం చేసి, బూడిద వర్జీనియాలో క్రూ అనే ఊరికి పంపారు.

ఇప్పుడు అందరూ చెప్పనిది. ఆవిడకి చెవి వెనక పెద్ద వ్రణం లేచింది, ముదిరింది. యాంటీబయాటిక్ అనే మాటే లేని కాలం. 72 ఏళ్ళ మనిషికి అలాంటి ఇన్ఫెక్షన్ ముదిరితే ఏమవుతుందో నేను వార్డులో చూస్తూనే ఉంటా, ఆకలి చచ్చిపోతుంది, మాట తడబడుతుంది, ఉన్నవాళ్ళని గుర్తుపట్టరు, పోయినవాళ్ళతో మాట్లాడతారు, స్పూన్ నోటి దాకా తెస్తే మొహం తిప్పేస్తారు. పక్కన కూర్చున్నవాళ్ళకి అది తిండి మానేసినట్టే కనిపిస్తుంది. ఓడలో చివరి గంటల్లో రెండు పిడికిళ్ళూ దగ్గరపెట్టి చైనా వాళ్ళు పలకరించే తీరులో ఎవరికో నమస్కారం పెట్టిందని, ఎప్పుడో పోయిన స్నేహితుల పేర్లు పిలిచిందని పాత జీవితచరిత్రల్లో చెప్తారు. నాకు అది నమ్మబుద్ధేస్తుంది, ఎందుకంటే అలాగే జరుగుతుంది.

2011లో రెజీనా సలివన్ అనే చరిత్రకారిణి రాసిన జీవితచరిత్రలో ఈ ఆకలి చావు కథని బాగా తవ్వారు. ఆవిడ వాదన, బుద్ధిపూర్వకంగా తిండి మానేసి చైనా వాళ్ళ కోసం ప్రాణమిచ్చింది అన్న కథ తర్వాత కట్టింది, కానుక పోగెయ్యడానికి బాగా పనికొచ్చింది, మీటింగులో ఓటు అడిగిన ఆడమనిషి కన్నా తిండి మాని చనిపోయిన ఆడమనిషి అందరికీ సుఖంగా ఉంటుంది అని. ఆఖరి ముక్క నా మాటల్లో పెట్టా, కానీ సారం అదే.

ఎదురుగాలి:

@నైట్‌డ్యూటీ ఆ ఆఖరి ముక్క కోసం ఈ థ్రెడ్ మొత్తం చదవొచ్చు.

కొత్తవిశ్వాసి77:

క్షమించండి, నాకు ఇది కాస్త బాధగా ఉంది. ఆవిడ త్యాగాన్ని ఇలా పోస్ట్‌మార్టం చెయ్యడం అవసరమా? ఆ కథ విని ఎంతమంది కానుకలిచ్చారు, ఎంతమంది సేవకి వెళ్ళారు. నిజమో కాదో దేవుడికి తెలుసు.

నైట్‌డ్యూటీ:

@కొత్తవిశ్వాసి77 మీ బాధ అర్థమైంది తమ్ముడూ, (తమ్ముడో చెల్లెలో తెలియదు, ఏమనుకోకు). త్యాగం లేదని ఎవరన్నారు? ఉన్న డబ్బు ఇచ్చేసింది, ముప్ఫై తొమ్మిదేళ్ళు ఇచ్చేసింది. జబ్బు చేసి పోయిన మనిషిని జబ్బు చేసి పోయింది అంటే తక్కువవుతుందా? నాకు కోపం వచ్చేది ఎక్కడంటే, ఆకలితో చనిపోయింది అంటే అక్కడున్న తోటి మిషనరీలు, చైనా స్నేహితులు, డాక్టర్ అందరూ చూస్తూ ఊరుకున్నారని అర్థం. వాళ్ళు ఊరుకోలేదు. ఎత్తుకొచ్చి ఓడెక్కించారు, నర్సుని తోడిచ్చారు. ఒక మనిషిని పెద్ద చెయ్యడానికి ఇంతమందిని చిన్న చేస్తున్నాం.

బొగ్గులకుంపటి:

ఇంకో చిన్న విషయం, వదిలేశా. టెంగ్‌చౌలో చైనా విశ్వాసులే 1915లో ఆవిడ పేరు మీద ఒక శిలాఫలకం నిలబెట్టారు. అమెరికాలో కానుకకి పేరు పెట్టడానికి మూడేళ్ళు ముందే. చైనాలో ఆవిడ పేరు మూ లా-దీ.

చుక్కలచీర:

అందరికీ మళ్ళీ వందనాలు. నిన్న రాత్రి నేను రాసుకున్న నోట్సు చింపేసి మళ్ళీ మొదలుపెట్టా. @కొత్తవిశ్వాసి77 నాకూ మొదట కాస్త దిగులుగానే అనిపించింది, ఎన్నో ఏళ్ళుగా ఆ కథే చెప్తున్నా కదా. కానీ నేను కూడా టీచర్నే, స్కూల్లో ఒకటో క్లాసు, పన్నెండేళ్ళ నుంచి. ఆవిడ 1883లో రాసిన ఆ మాట చదివాక కథ చెప్తున్నట్టు కాకుండా పక్క సీట్లో ఉన్న టీచర్ గురించి చెప్తున్నట్టు ఉంటుంది అనిపించింది. సెలవల తర్వాత తిరిగి రాని పిల్ల కోసం అటెండెన్స్‌లో ఇంకో వారం పేరు పిలుస్తూ ఉంటాం, అది ఎవరికీ తెలియదు.

ఇలా అనుకున్నా. డి అంటే డెవిల్‌తో మొదలుపెడతా, పిల్లలు నవ్వుతారు. తర్వాత కంచరగాడిదల డోలీ, ఇద్దరు పిల్లల్ని ముందూ వెనకా నిలబెట్టి దుప్పటి పట్టించి మధ్యలో ఒకళ్ళని కూర్చోబెట్టి నడిపిస్తా. దయ్యపుది అని అరిచే వీధి, బిస్కెట్ల వాసన. ఆ బిస్కెట్లు కాల్చి తీసుకెళ్ళి ఆ టైంకే డబ్బా మూత తీస్తా. షాలింగ్ మనుషులు తలుపు తట్టడం. పెద్ద పిల్లలకి పాదాల కట్లు, ఒప్పందాలు, బానిసల తోట, మీటింగులో ఓటు. 1887 ఉత్తరంతో ఆపేస్తా. చావు గురించి నా అంతట నేను ఎత్తను, ఎవరైనా అడిగితే జబ్బు చేసింది, స్నేహితులు ఇంటికి తీసుకెళ్తుంటే దారిలో పోయింది అని చెప్తా.

నైట్‌డ్యూటీ:

అడుగుతారు. పిల్లలు ముందు అడిగేది అదే.

వాయిదారాణి:

నాకు తెలిసి ముందు అడిగేది ఇంకో బిస్కెట్.